అత్త బొట్టు కింద కారు స్విచ్చి

“మామ్మా, తాత పాత కారు ఇండికేటరు నువ్వే బాగు చేశావట. నిజమేనా?”

నాను కాకపోతే ఇంకెవులు సేస్తారే? ఎవులు సెప్పినారు నీకు, మీ నాన్నా? అయితే సగమే సెప్పుంటాడు. అప్పటికింకా ఆడు నా కడుపులో ఉన్నాడు, ఆడికేటి తెల్సు? కూకో. ఆ ఫోను కాస్త దగ్గరగా ఎట్టు, నా గొంతు బాగా పడాల.

ఇప్పుడు మీ కార్లకి లైటు మినుకుమినుకు మంటాది కదా, అప్పుడది కాదు. రెండు తలుపుల మద్దిని స్తంభం ఉంటాది సూడు, దాన్లోంచి జానెడు రేకు సెయ్యి ఒకటి బయటికి లెగిసీది. నారింజ రంగు. కుడికి తిరగాలంటే కుడి సెయ్యి, ఎడమకైతే ఎడం సెయ్యి. దాని స్విచ్చి స్టీరింగుకి నడిమద్దిని ఉండీది, గుండ్రంగా, అప్పడమంత. అటూ ఇటూ జరపడానికి సిన్న పుల్లొకటి. అప్పటికే పాత కారది. టెక్కలిలో ఓ డాక్టరుగారి కాడ కొన్నాం. మన ఊరు భావనపాడులో కారంటే మాదే. మాదే అంటే... మాదీ, మా ఆడపడుసు మొగుడిదీనూ, సెరిసగం. పెల్లికైనా ఆసుపత్రికైనా మీ తాతే తోలీవోడు. పావలాకి సేటడు రొయ్యలొచ్చీ రోజులవి, ఇప్పుడు సేటే రాదు.

ఏటి సెప్తన్నాను? ఆ, స్విచ్చి. ముందు మా అత్త సంగతి సెప్పాల, మీ తాత అమ్మ. మా మావ సేపల వేటకెల్లి సముద్రంలోనే ఉండిపోయినాడు. మనోల్లు పడవ మూతికి పసుపు రాసి బొట్టెట్టకండా నీల్లలోకి తొయ్యరు కదా? ఆ రోజు అత్తకి జొరం, తొంగుంది, బొట్టెట్టనేదు. పడవ రానేదు. అదే ఆవిడ గుండెలో ఉండిపోయింది, ఎవులెంత సెప్పినా ఇననేదు. కొడుకుని మరి వేటకి ఎల్లనివ్వనేదు, అందుకే కారు కొన్నాం. కొన్న రోజు నుంచీ పొద్దున్నే తానం సేసి దానికీ పసుపూ బొట్టూ. ఎక్కడనుకున్నావు? స్టీరింగు నడిమద్దిని! కొడుకు సెయ్యి అక్కడే ఉంటాది కదా అనేది. సుక్క కాదే, నీల్లల్లో కలిపి ముద్ద ఎట్టీది. పండగొస్తే కొబ్బరినీల్లు కూడాను. మొగుడు పోయిన మనిసి బొట్టెట్టడమేటని ఎవులో అన్నారు. “నా కొడుక్కి నానెట్టకపోతే ఎవులెడతారు” అంది. 

కొన్నాల్లకి కుడి సెయ్యి లెగడం మానీసింది. ఎడమది లెగిస్తే దిగీది కాదు. మీ తాత కిటికీలోంచి తన సెయ్యే బయటెట్టి తోలీవోడు. ఊర్లో అయితే సరే, బ్రేకుకి ఎల్లాల కదా? బ్రేకంటే, బ్రేకినస్పెట్రు కారంతా సూసి సరే అనాల, అప్పుడే టాక్సీ తిప్పాల. ఆయన సూసి, “లెగాల్సింది కారు సెయ్యోయ్, నీ సెయ్యి కాదు. బాగుసేయించి పట్రా” అన్నాడు. ఆయన్దేటీ తప్పు నేదులే.

టెక్కలి మెకానిక్కు కాడికి తీసుకెల్లినాడు మీ తాత. ఆడు బేటరీ సూసినాడు, తీగలు సూసినాడు, స్తంభాలిప్పి సూసినాడు. అన్నీ సూసి, స్టీరింగు కాడికొచ్చీసరికి ఆ పసుపు ముద్ద సూసి దండం ఎట్టుకుని ఒగ్గీసినాడు! నవ్వకే, నిజం. అమ్మోరి మీద సెయ్యెయ్యనన్నాడంట. “స్విచ్చి పోయుంటాది, దీనికి సామాను దొరకదు, అమ్మీసుకో” అనీసినాడు.

ఆ మాటకి మీ తాత డీలా పడిపోయి ఇంటికొచ్చినాడు. “కారు అమ్మీస్తాను, సాలూరెల్లి లారీ డ్రైవరుగా ఎక్కుతాను” అన్నాడు. సాలూరు లారీ అంటే కొండల మీద ఘాటీ రోడ్డెక్కి ఎక్కడికో పోతాది, ఎల్లినోడు ఎప్పుడొస్తాడో ఎవులు సెప్తారు? నాకు ఏడుపొచ్చీసింది. ఇంట్లో ఒకావిడ సముద్రంకేసి సూసిసూసి ఉన్నాది, కడుపుతో నాను రోడ్డుకేసి సూస్తూ కూకోవాలా? కూకోనంటే కూకోను అనుకున్నాను.

“బావా, ఆ స్విచ్చి విప్పు” అన్నాను. “అమ్మ ఎట్టిన బొట్టే అది” అన్నాడు. “అమ్మకి నాను సెప్పుకుంటాను, నువ్వు ముందు బేటరీ తీగ తియ్యి” అన్నాను. అత్త రేవుకి ఎల్లింది అప్పుడు. ఆయన స్క్రూలు విప్పి ఆ అప్పడం బయటికి లాగినాడు. నాను సేట పట్టినాను. గింజలంతేసి స్ప్రింగులు, ఇసకలో పడితే ఇంకేటి దొరుకుతాయి? ఏది ముందొస్తే అది ముందు, వరసగా సేటలో పేర్సినాను. మూత తీసి సూస్తే లోపల ఏటున్నాది? పసుపు! పుల్ల సందులోంచి దిగి, కుంకంతో కలిసి గట్టిపడిపోయింది. దాని కింద రాగి రేకులు పచ్చగా కిలుం పట్టి ఉన్నాయి. స్విచ్చి పోనూ నేదు ఏటీ నేదు. పుట్టింట్లో రాగి బిందెలన్నీ తోమింది నానే. కిలుం పడితే ఏటి సెయ్యాలో నాకొకలు సెప్పాలా?

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది. సేపల గంప దించకండానే సేటలో ముక్కలు సూసీసింది. “నా కొడుకు బొట్టు తీసీసినావేటే అప్పలమ్మా!” అని కేకేసింది సూడు, వీదంతా వచ్చీసినారు. మీ తాత కారెనకాల నక్కినాడు, అంత మనిసి! నాకూ భయమేసింది. గానీ సేట పట్టుకుని ఎదురెల్లినాను. “నాను తియ్యనేదు అత్తా, సూడు, నీ బొట్టంతా లోపలే ఉన్నాది. కరెంటు పారకండా అడ్డు పడిపోయింది. ఇలాగే ఒగ్గీస్తే బావ సాలూరు పోతాడు. ఆ లారీకి ఎవులెడతారు బొట్టు? నువ్వెల్తావా?” అన్నాను.

అత్త గంప దించింది. సేటలోకి వొంగి సూసింది. “రాగేనా అది?” అంది. “రాగే” అన్నాను. గిర్రున లోపలికెల్లిపోయింది. అయిపోయింది, ఇంక నాతో మాటాడదు అనుకున్నాను. సింతపండు పట్టుకుని వచ్చింది! కూకుని ఆ రేకుల్ని ఆవిడే తోమింది, నన్ను ముట్టనివ్వనేదు. పులుపుంటే మల్లీ కిలుం పడతాదని మంచినీల్లతో బాగా కడిగి ఎండలో ఆరబెట్టినాం. మీ తాత ఉప్పు కాయితం రుద్దినాడు. ఒక రేకు వొంగిపోయి అవతలదానికి తగలడం నేదు, నా తలపిన్ను తీసి పైకెత్తినాను. సేటలో ఉన్న వరసలోనే అన్నీ బిగించీసినాడు.

బేటరీ తీగ తగిలించి, “కుడికి జరుపు బావా” అన్నాను. టక్కుమని లెగిసింది సెయ్యి! వీదంతా ఒకటే గోల.  అత్త మాత్రం ఆ సెయ్యికేసే సూస్తంది. “ఒడ్డు కనిపించగానే మీ మావ ఇలాగే సెయ్యెత్తీవోడే” అంది. అని, కారు పక్కన ఇసకలో కూలబడి ఏడ్సింది. మావ పోయినప్పుడు కూడా ఏడవనేదంట ఆవిడ. నానూ పక్కన కూకున్నాను. 

మర్నాడు బ్రేకుకి ఎల్తంటే పసుపు గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. అయ్యో, మల్లీనా అనుకున్నాను. స్టీరింగు కాడికి ఎల్లనేదు. కొడుకుని వొంగమని, ఆడి నుదుట ఎట్టింది. బ్రేకూ అయింది, మీ తాత సాలూరూ ఎల్లనేదు. ఆ కారున్నన్నాల్లూ అంతే. సాయంత్రం మా వీదిలోకి తిరుగుతంటే ముందు ఆ సెయ్యి కనిపించీది, అది కనిపించాకే అత్త గుమ్మం ఒగ్గి లోపలికొచ్చి కూడు వడ్డించీది. ఎంత రాత్రయినా సరే, అది కనిపించకపోతే ఆవిడ తినీది కాదు, మమ్మల్నీ తిననిచ్చీది కాదు.

సాల్లే, ఆపు ఆ ఫోను. బేగి బయలెల్లు, పొద్దు పోతంది. ఎక్కడికెల్లినా నవ్వుకుంటూ ఇంటికి రావాల నా తల్లి...