ఆలస్యానికి కారణాలు

మేనమామ ఇళ్ళు కట్టే మేస్త్రీ, చేతి కింద పదిమందిని పెట్టుకుని చిన్నచిన్న కాంట్రాక్టులు చేసేవాడు. మేనల్లుడు పరాయి దేశంలో కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చదువుతున్నాడు. మాటలు ఫోన్లో నడుస్తున్నాయి.

“నీ ప్రశ్నలు తర్వాత. ముందు ఆ గళ్ళచొక్కా గాడి సంగతి రాసుకో.”

“ఎవరు మామయ్యా?”

“ఆర్కిటెక్టు. వారమంతా అదే గళ్ళచొక్కా. నా కడుపు కొట్టిన మహానుభావుడు. రాసుకున్నావా?”

“పేర్లు రాయకూడదు. ముద్దుపేర్లు కూడా. యూనివర్సిటీ రూలు. అందరికీ నంబర్లిస్తాం. నువ్వు పీ-ఫోర్.”

“అంటే?”

“పార్టిసిపెంట్ నాలుగు. నిన్నెవరూ గుర్తుపట్టకుండా.”

“ముప్ఫయ్యేళ్ళు తాపీ పట్టుకుని నలుగురూ గుర్తుపట్టేలా బతికితే, అంత దూరం వెళ్ళి నువ్వు చదివింది నన్నెవరూ గుర్తుపట్టకుండా చెయ్యడమా. బాగుంది. మొదటి ముగ్గురూ ఎవరు?”

“అదీ చెప్పకూడదు.”

“చెప్పకూడనివన్నీ ఒకచోట చేర్చి పీజీ అంటారన్నమాట.”

“మామయ్యా, ఎల్లుండి థీసిస్ ఇచ్చెయ్యాలి. ఇంటర్వ్యూ ఒకటి తగ్గింది. అది లేకపోతే తీసుకోరు. నాన్న నీకు చెయ్యమంటే...”

“మీ నాన్న చెయ్యమంటే. లేకపోతే ఈ నంబరు నీ దగ్గర లేదు. పోయిన నెల్లో నేనెన్నిసార్లు చేశాను నీకు?”

“క్లాసుల్లో ఉన్నా.”

“పొద్దస్తమానం క్లాసులే. పాపం.”

“ముందొకటి చదువుతాను, విను. ‘మీరు ఈ ఇంటర్వ్యూ నుంచి ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు.’ సరేనా?”

“నేను తప్పుకునే రకం కాదు. నన్ను తప్పించారు. అదీ కారణం చెప్పి మరీ. కానీ, అడుగు.”

“మీ ప్రాజెక్టు గురించి క్లుప్తంగా చెప్పండి.”

“ఒరే, నేనెప్పట్నుంచి నీకు ‘మీరు’ అయ్యాను?”

“ప్రశ్న అలా ఉంది మామయ్యా.”

“స్థలం పెద్దాయనది, పని నాది. ముందు వైపు మూడంతస్తులు లేపి ఇస్తే, కూలి డబ్బుకి బదులు వెనక బిట్టు నా పేర రాస్తానన్నాడు. నీకు తెలిసిందేగా.”

“తెలీదు. ఏదో బిల్డింగు చేస్తున్నావని అమ్మ చెప్పింది, అంతే.”

“అంతే. సరే, విను. సగంలో నన్ను పంపించేశారు. శుక్రవారం ఆ బిట్టు గళ్ళచొక్కా బావమరిది పేర రిజిస్ట్రేషను. మిగతా పని వాడు చేస్తాడట. ఇంతవరకూ వాడు కోళ్ళషెడ్డు కట్టిన పాపాన పోలేదు.”

“అయ్యో. రెండో ప్రశ్న. ఆలస్యానికి కారణాలు. ఒక్కొక్కటీ చదువుతాను, ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వెయ్యి. వాతావరణం.”

“వాన పడితే పని ఆగుతుంది. ఇది చెప్పడానికి మీ ప్రొఫెసరు ఫీజు తీసుకుంటాడా?”

“మార్కు, మామయ్యా.”

“రెండు.”

“కూలీల కొరత.”

“ఒకటి. నా మనుషులు నన్ను వదిలిపోరు.”

“కాంట్రాక్టరు అసమర్థత.”

“ఏమన్నావు?”

“లిస్టులో ఉంది. నిన్ననటం లేదు.”

“ఈ లిస్టు రాసినవాడు ఎప్పుడైనా సిమెంటు బస్తా ఎత్తాడా?”

“ఎత్తక్కర్లేదు. మేం చేసేది మేనేజ్‌మెంటు.”

“అవునవును. వెళ్ళిన కొత్తలో ఫొటో పంపావు. నెత్తిన తెల్ల టోపీ, ఒంటిమీద పచ్చ జాకెట్టు, వెనక క్రేను. మీ అమ్మ కనిపించినవాళ్ళందరికీ చూపించింది, మావాడు అంత పెద్ద క్రేను నడిపిస్తున్నాడని. తీరా చూస్తే, కాలేజీవాళ్ళు బస్సులో తీసికెళ్ళి సైటు చూపించారు. బస్సెక్కేముందు టోపీ వెనక్కి తీసేసుకున్నారటగా.”

“దాన్ని ఫీల్డ్ విజిట్ అంటారు.”

“జూకి వెళ్ళొస్తే కూడా అదే అంటారా?”

“డిజైన్ మార్పులు. మార్కు.”

“అయిదు. ఆరుంటే ఆరెయ్యి.”

“వివరించండి.”

“మళ్ళీ ‘అండి’. పునాదులయ్యాయి. స్తంభాలకి ఇనుము కడుతున్నాం. గళ్ళచొక్కా వచ్చాడు. మెట్లు మధ్యలో వద్దు, మూలకి జరపాలన్నాడు. ఇటుకముక్క తీసుకుని నేలమీద గీసి చూపించాడు. కొత్త డ్రాయింగు ఇచ్చేదాకా చెయ్యి పెట్టద్దన్నాడు. ఆగాను. నెలన్నర తిప్పి అప్పుడిచ్చాడు. మళ్ళీ పని ఎత్తుకున్నాను.”

“ఆగమని రాసిచ్చాడా?”

“ఏంటి రాసిచ్చేది?”

“అదే, ఆ మాట. ఉత్తరమో, మెయిలో, కనీసం ఫోన్లో మెసేజో.”

“ఎదురుగా నిలబడి చెప్పినవాడు మెసేజ్ ఎందుకు పెడతాడు? ఇక్కడ ఏ పనైనా అంతే. చెప్తారు, చేస్తాం. ‘ఇందాక తమరన్నది కాయితం మీద పెట్టండి’ అని అడిగితే మర్నాడు నన్ను సైటులోకి రానిస్తాడా?”

“ఇదే మనవాళ్ళ రోగం. రికార్డులో లేనిది జరగనట్టే మామయ్యా. మొదటి సెమిస్టర్లోనే చెప్తారు. నేనో అసైన్‌మెంట్ చేశాను, అచ్చం ఇలాంటిదే. మన వైపు నుంచే కాయితాలు తెప్పించుకున్నా. ఆ కాంట్రాక్టరు పునాదులు వేసేసి నెలన్నర ఊరికే కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఒక్క ముక్క ఎక్కడా లేదు. మొత్తం ఆలస్యం అతని నెత్తినే వేశాను. క్లాసులో నాకే టాప్ మార్కులు.”

“ఊరికే కూర్చున్నాడా.”

“సైటు డైరీలో అలాగే ఉంది.”

“డైరీ ఎవరు రాశారు?”

“ఆర్కిటెక్ట్ ఆఫీసువాళ్ళు.”

“ఆ కాంట్రాక్టరుని అడిగావా?”

“ఎలా అడుగుతాను? పేర్లు కొట్టేసి ఇచ్చారు. కాంట్రాక్టర్-సి అని ఉంది.”

“ఎన్ని అంతస్తులు?”

“ఏమో, గుర్తులేదు.”

“మార్కులు గుర్తున్నాయి.”

“మూడు... మూడనుకుంటా.”

“మెట్లు?”

“మామయ్యా, సిగ్నల్ సరిగా లేదు.”

“బ్రహ్మాండంగా ఉంది. నీ ఊపిరి కూడా వినిపిస్తోంది. మెట్లెక్కడ?”

“మూల. నాకిచ్చిన డ్రాయింగులో మూలే ఉంది. అంతకుముందు వేరే డ్రాయింగుందని ఎవరికి తెలుసు... అయినా ఇలాంటి బిల్డింగులు బోలెడుంటాయి.”

“బోలెడు. నన్నెలా తప్పించారో చెప్పనా? అదీ మీ చదువుకి సంబంధించిందే. గళ్ళచొక్కా ఒక పుస్తకం తెచ్చి పెద్దాయన ఇంట్లో టీపాయ్ మీద పెట్టాడు. అట్ట మీద ఎక్కడిదో యూనివర్సిటీ ముద్ర, బంగారు రంగులో. తప్పంతా మేస్త్రీదేనని ఫారిన్ నిపుణులు తేల్చారన్నాడు. పెద్దాయన లోపల పేజీ తిప్పలేదు. ముద్ర చూశాడు, నా మొహం చూశాడు, అయిపోయింది.”

“నువ్వు... చదివావా దాన్ని?”

“ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకం నాకెక్కడ అర్థమవుతుంది?”

“మరదలి చేత చదివించలేదా?”

“దానికి పరీక్షలు.”

“మంచిది. అంటే, పరీక్షలు ముఖ్యం కదా.”

“అందుకని నిన్ను ఒకటి అడుగుదామని. నువ్వూ ఆ చదువులోనే ఉన్నావు. ఆ నిపుణుడెవడో కనుక్కుని నాలుగు ముక్కలు రాసివ్వమను. ‘మేస్త్రీని నేను అడగలేదు, పాత డ్రాయింగు నేను చూడలేదు’ అని. ఇంకేం వద్దు. పెద్దాయన చెడ్డవాడు కాదు. కాయితానికి నన్ను తీసేశాడు, కాయితానికి మళ్ళీ పెట్టుకుంటాడు. శుక్రవారం లోపు అందాలి.”

“అలా రాయరు మామయ్యా.”

“ఎందుకని?”

“కాలేజీకని రాసింది బయటివాళ్ళకి ఇవ్వకూడదు. మర్యాద కోసం ఎవరికో కాపీ పంపి ఉంటాడు, కాయితాలిచ్చారు కదా అని. ఇప్పుడు పంపానని వాడే ఒప్పుకుంటే కమిటీ వేస్తారు. డిగ్రీ ఆపేస్తారు. వీసా పోతుంది. ఇంత ఖర్చుపెట్టుకుని వచ్చి, రేపు డిగ్రీ అనగా...”

“ఎవడు?”

“వాడే. ఆ రాసినవాడు.”

“నేను నిపుణుడన్నాను కదరా. నిపుణుడికి కాలేజీ ఏమిటి, వీసా ఏమిటి?”

“ఊరికే... ఊహించి చెప్తున్నా. ఇక్కడ అలాంటివాళ్ళే రాస్తుంటారు.”

“ఓహో. పోనీ నువ్వు ఊహించిన ఆ కుర్రాడు మంచివాడేనంటావా?”

“మంచివాడే మామయ్యా. కావాలని చేసుండడు.”

“తన మూలంగా ఒకడు రోడ్డున పడ్డాడని తెలిస్తే?”

“బాధపడతాడు.”

“బాధపడి?”

“ఇంకో మూడు నెలలు... డిగ్రీ చేతికొచ్చాక రాసిస్తాడేమో. అప్పుడైతే ఇబ్బంది ఉండదు.”

“శుక్రవారం రిజిస్ట్రేషను.”

“ఏం చేస్తాం మామయ్యా. అదృష్టం బాగాలేదు.”

“నా అదృష్టం. నిజమే. దానికెన్ని మార్కులు వెయ్యమంటావు?”

“అది... లిస్టులో లేదు.”

“ఇంకా ఎన్నున్నాయి ప్రశ్నలు?”

“ఒక్కటే. వద్దులే, వదిలెయ్, ఉన్నది చాలు.”

“అడుగు. ఎల్లుండి ఇవ్వాలన్నావుగా. ఇంటర్వ్యూ ఒకటి తగ్గితే తీసుకోరన్నావు. నా మూలంగా నీ పని ఆగిందని రేపు ఇంకోడెవడో పుస్తకం రాస్తాడు.”

“‘ఈ ఆలస్యం వల్ల... మీకు కలిగిన నష్టం ఎంత?’”

“రాసుకో మరి. నీ మరదలు పోయిన నెల్లోనే అట్ట మీది పేరు చదివి చెప్పింది. అందరి పేర్లూ కొట్టేసి నీదొక్కటీ లావు అక్షరాల్లో ఉంచుకున్నావు. ఇవాళైనా అది నీ నోట్లోంచి వస్తుందేమోనని ఇంతసేపూ ఫోను చెవి దగ్గర పెట్టుకు కూర్చున్నాను. నష్టం రెండువందల పన్నెండు గజాలు, తూర్పున రోడ్డు.”