వంటింట్లో పెలికన్ క్లబ్బు

ఇంగ్లండ్‌లోని ఆక్రింగ్టన్‌లో ఒక వంటగది. ఆదివారం మధ్యాహ్నం.

"పౌడరైతే చల్లుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇక్కడికొచ్చే ప్రతివాడూ చల్లుతాడు, బూట్లు బాగా జారాలని. మనిషిని చల్లుతానంటే మాత్రం కుదరదు."

"కొంచెమే అమ్మా. గుప్పెడు."

"గుప్పెడు బూడిదైనా మీ ఆవిడే కదండీ."

"జానిస్ గొడవ చేసే మనిషి కాదు."

"నేను చేస్తాను. ఇది వంటిల్లు, రోనీ గారూ. ఇక్కడ నేను బంగాళాదుంపలు వేయిస్తాను."

"వేయించిన దుంపలంటే జానిస్‌కి ప్రాణం."

"దేవుడా. బర్న్లీలో కాలువ లేదా, కొండ లేదా? రెండు బస్సులు మారి మా పొయ్యి దగ్గరికే రావాలా?"

"ఆవిడ ఆఖరి కోరికమ్మా. నన్ను పెలికన్‌కి తీసుకెళ్ళు రోనీ, అంది. పెలికన్ డాన్సు క్లబ్బు కూలగొట్టి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పుడక్కడ పరుపుల దుకాణం. పోయి అడిగాను కూడా. ఏ పరుపు మీద చల్లుతారు అని వాళ్ళు ఎదురు అడిగారు. అప్పుడు పేపర్లో చదివాను, ఆ డాన్సు నేల ఊడదీసి మీ ఇంట్లో పరుచుకున్నారని."

"పరుచుకున్నది మా ఆయన. పెళ్ళైన కొత్తలో మంచం కొనుక్కు రమ్మని పంపిస్తే ఈ చెక్కలేసుకుని వచ్చాడు. ఆర్నెల్లు వీటి మీదే పడుకున్నాం."

"అదృష్టవంతులు."

"అప్పట్నుంచీ మాకు ఆదివారం అన్నది లేదు. ఎవడో ఒకడు సంచీలో బూట్లు పెట్టుకుని తలుపు కొడతాడు, ఒక్క పాత అమెరికా సోల్ పాటకి ఆడి వెళ్ళిపోతానమ్మా అని. హాలెండ్ నుంచి ఒకాయనొచ్చి, ఫ్రిజ్ జరిపించి మరీ కింద ముద్దు పెట్టుకున్నాడు. స్టోక్ నుంచి ఇంకొకాయనొచ్చి, గిర్రున తిరిగి నా ఓవెన్ తలుపు ఊడగొట్టాడు. పోనీ, వాళ్ళు ఆడి ఇంటికి పోయారు. మీ ఆవిడ వెళ్ళదు కదా, అదీ నా బాధ."

"ఎవరొచ్చారు లొరేన్?"

"ఇంకెవరి కోసం వస్తారు, నీకోసమే. హోవర్డ్, ఈయన రోనీ ఎంట్విసిల్ గారట. బర్న్లీ నుంచి."

"పెలికన్ మనిషేనా? రండి, రండి. ఓహో, పౌడరు డబ్బా మీరే తెచ్చుకున్నారే. పాతకాలం పద్ధతి. ఏదీ, ఇలా ఇవ్వండి."

"హోవర్డ్, ఆ డబ్బా కింద పెట్టు."

"చూడండి, మడమ కింద కొంచెం, మునివేళ్ళ కింద కొంచెం..."

"హోవర్డ్."

"ఉండు లొరేన్. ఇప్పుడిలా ఒక్క చుట్టు... కాస్త గరుగ్గా ఉంది గానీ బాగానే జారుతోంది. ఎక్కడ కొన్నారు ఇది?"

"కొనలేదండీ. బర్న్లీ శ్మశానంలో ఇచ్చారు."

"ఎక్కడా?"

"మా ఆవిడండీ. జానిస్. ఒక చెక్కపెట్టెలో పోసి ఇచ్చారు. అది ఒళ్ళో పెట్టుకుంటే బస్సులో అందరూ చూస్తారని పౌడరు డబ్బాలోకి మార్చాను."

"లొరేన్. నేనిప్పుడు ఎవరి మీద నిలబడ్డాను?"

"కదలకు. అలాగే ఉండు."

"చీపురు తెస్తాను."

"చీపురు ముట్టుకున్నావంటే చూడు. చీపురుతో ఊడుస్తావా ఆయన పెళ్ళాన్ని?"

"పర్లేదు హోవర్డ్ గారూ. ఆ ఒక్క చుట్టూ ఆవిడకి సరదాగానే ఉండుంటుంది."

"క్షమించండి అన్నా. నాకు తెలీదు. నిజంగా తెలీదు. మిగిలిన ఆవిడ... డబ్బాలో భద్రంగానే ఉంది. ఇదుగో."

"మీ దగ్గరే ఉంచండి. అందుకే తెచ్చాను. ఊరికే కాదండోయ్. రికార్డుల పత్రికలో మీరు ప్రతి నెలా ప్రకటన వేస్తారు చూడండి, ఫలానా పాట రికార్డు కావాలి, ఏ స్థితిలో ఉన్నా సరే అని. అదే కదా ఇది?"

"ఏదీ... లొరేన్. కుర్చీ."

"కదలొద్దన్నాను."

"క్లైడ్ మెరివెదర్. లొరేన్, ఇది క్లైడ్ మెరివెదర్ పాడిన రికార్డు. గీత కూడా లేదు. డెట్రాయిట్ కంపెనీ లేబులే. చూడు, అంచు మీద చేత్తో చెక్కిన అంకె కూడా ఉంది."

"చూశావుగా. ఇక ఊపిరి తీసుకో."

"ఎంత విలువండీ అది?"

"విలువ సంగతి నేను చెబుతాను రోనీ గారూ. లోకంలో ఇలాంటిది ఇంకొక్కటే ఉందట, బెల్జియంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర. ఆయన ఎవరికీ చూపించడు. అందుకని మా మహానుభావుడు పంటినొప్పి అని చెప్పి ఆ ఊరు వెళ్ళాడు. గట్టి పన్ను పీకించుకుని వచ్చాడు."

"వెయిటింగ్ రూములో గోడకి తగిలించాడని విన్నాను లొరేన్."

"ఉందా?"

"చేపల బొమ్మ ఉంది."

"జానిస్ పోస్టులో తెప్పించుకుందండీ ఇది, మా పెళ్ళికి ముందెప్పుడో. బీరువా మీద పడుంది. ఇది మీరుంచుకోండి. ఆవిణ్ణి ఇక్కడ ఉండనివ్వండి."

"ఉండనీ అన్నా. గుప్పెడేం ఖర్మ, డబ్బా అంతా ఉండనీ."

"ఇంట్లో నేనని ఒకదాన్ని ఉన్నాను, హోవర్డ్."

"లొరేన్, నువ్వు పెలికన్‌లో ఎప్పుడైనా అడుగు పెట్టావా? పెట్టలేదు. నీకు ఆ పాటలే పడవు. ఆ నేల మీద ఆడినవాళ్ళకి తెలుస్తుంది ఆవిడ ఎందుకు అడిగిందో. అన్నా, ఆ ఫ్రిజ్ ఉందే, సరిగ్గా అక్కడొక స్తంభం ఉండేది. నా చోటది. తెల్లవార్లూ అక్కడే. నేను దిగానంటే జనం నాలుగడుగులు వెనక్కి జరిగేవాళ్ళు. చెప్పానా లొరేన్ నీకు?"

"చెప్పావు. పోయిన వారం కూడా చెప్పావు."

"ముందు పాట విందాం. తర్వాత ఆవిణ్ణి పద్ధతిగా... మెరివెదర్‌కి పాత సూది పెడితే పాపం తగుల్తుంది. కొత్త సూది గరాజ్‌లో ఉంది. వెళ్ళి తేనా? మరి ఈ బూట్లేం చెయ్యను?"

"విప్పి అక్కడే వదిలెయ్. సగం ఆవిడ వాటి కిందే ఉంది."

"వచ్చేస్తాను అన్నా. మెరివెదర్‌ని ముట్టుకోకండి. అంటే, మీదే అనుకోండి, అయినా ముట్టుకోకండి."

"మంచి మనిషమ్మా మీ ఆయన."

"వెర్రి మనిషి. రోనీ గారూ, ఆయన వచ్చేలోపు ఒక మాట చెప్పాలి. ఆ రికార్డు సంచీలో పెట్టుకోండి. డబ్బా తీసుకోండి. ముందు తలుపులోంచి వెళ్ళిపోండి."

"ఎందుకమ్మా? వాక్యూమ్ వేస్తారని కదా మీ అనుమానం? నేనే ఆదివారం ఆదివారం వచ్చి తడిగుడ్డతో..."

"వంటిల్లనీ కాదు, దుంపలనీ కాదు. ఈ చెక్కలు పెలికన్‌వి కావు."

"కావా?"

"కావు. ఎవడో మోసగాడు కారు పార్కులో అంటగట్టాడు. ఏ బడిదో, ఏ చర్చి హాలుదో. వచ్చినవాళ్ళంతా ముద్దులు పెట్టుకుని పోతున్నారు, పోనీలే అనుకున్నాను. వాళ్ళకి పోయేదేముంది. మీరు భార్యని వదిలేసి వెళ్తానంటున్నారు. అలా ఎలా ఊరుకోను? రాత్రి నాకు నిద్ర పడుతుందా?"

"కొన్న ఆయనకి తెలీనిది మీకెలా తెలుసమ్మా?"

"తెలుసు. తుడిచేది నేను కాబట్టి తెలుసు."

"ఆయనకి చెప్పలేదా?"

"చెప్పలేదు. మీరూ చెప్పకండి. మీకు పుణ్యముంటుంది."

"చెప్పనులెండి. మరి... ఇంకెక్కడికి తీసుకెళ్ళను ఈవిణ్ణి?"

"కూర్చోండి ముందు. టీ తాగండి. మీరూ వెళ్ళేవారా పెలికన్‌కి?"

"నేనా? నాది బేకరీ. శనివారం రాత్రంటే పిండిలోనే. ఆవిడ నాకు పరిచయమయ్యేసరికి పెలికన్ మూసేశారు. అంతా ఆవిడ చెప్పగా విన్నదే. పెళ్ళి రోజుకీ, పండక్కీ, చుట్టాలొచ్చినా అదే కబురు. చివర్లో ఆసుపత్రి మంచం మీదా అదే. నర్సులకి చెప్పింది. చెక్క నేల కాళ్ళ కింద ఊయలలా ఊగేదట. మెట్లు దిగుతుంటే పైన గాజు దీపాలట, ద్రాక్షగుత్తుల్లాగా."

"చెక్క నేలా?"

"అవునమ్మా."

"మెట్లు దిగి వెళ్ళాలనీ ఆవిడే చెప్పిందా? గాజు దీపాలనీ?"

"ఆవిడే. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట తేడా ఉండేది కాదు. వాళ్ళ నాన్న చండశాసనుడు, చర్చికి తప్ప గడప దాటనిచ్చేవాడు కాదు. అయినా కిటికీలోంచి దూకి వెళ్ళేదట. చెప్తుంటే ఆవిడ మొహం చూడాలమ్మా మీరు. ఇంట్లో కుళాయి కారుతుంటే, కరెంటు బిల్లు కట్టలేక నేను తల పట్టుకుంటే, పెలికన్ గురించి చెప్పు జానిస్ అనేవాణ్ణి. ఇద్దరికీ కాస్త బాగుండేది. ఏంటమ్మా అలా చూస్తున్నారు?"

"ఏం లేదు. మూత తియ్యండి."

"ఏం మూత?"

"డబ్బా మూత. ఆవిడ ఇక్కడే ఉంటుంది."

"ఇది పెలికన్ నేల కాదన్నారుగా ఇప్పుడే."

"పొరపాటు పడ్డాను. జానిస్ చెప్పిన పెలికన్ నేల ఇదే."

"అమ్మా, నా మీద జాలితో అనొద్దు. ఆవిడకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

"ఒట్టు రోనీ గారూ. ఇంతకంటే సరైన నేల ఆవిడకి ఇంగ్లండ్ మొత్తం వెతికినా దొరకదు. కిటికీ పక్కన పోద్దాం, వెలుతురుంటుంది. పొయ్యి దగ్గర వద్దు, నూనె చిందుతుంది."

"సూది దొరికింది. లొరేన్, ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలు."

"ఉల్లిపాయలేవీ?"

"పాట పెట్టు, హోవర్డ్."

"పెడుతున్నా, పెడుతున్నా. ఆఁ. విన్నావా? విన్నారా అన్నా? ఆ గొంతు చూడండి, తలుపు మూసేస్తుంటే బయటి నుంచి బతిమాలుతున్నట్టు. పన్నేం ఖర్మ, దీనికోసం దవడంతా పీకించుకోవచ్చు."

"హోవర్డ్ గారూ, ఒకటి అడుగుతాను. మీరు తెల్లవార్లూ అక్కడే ఉండేవారన్నారు. జానిస్‌ని ఎప్పుడైనా చూశారా? ఆకుపచ్చ గౌను. ఎర్ర జుట్టు. కాస్త పొట్టి."

"ఆకుపచ్చ గౌనా..."

"హోవర్డ్, ఆలోచించి చెప్పు."

"ఆలోచించే పనేముంది? ఆకుపచ్చ గౌను జానిస్, ఎలా మర్చిపోతాను? నా స్తంభానికి అటువైపే. తను తిరుగుతుంటే గౌను గొడుగులా విచ్చుకునేది. నేను ఒక్కసారి పోటీకి దిగి, ఓడిపోయి, వెళ్ళి నారింజ రసం తాగాను."

"ఓడించిందా మిమ్మల్ని?"

"చిత్తుగా."

"ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు."

"గొప్పలు చెప్పుకునే మనిషి కాదేమో అన్నా."

"కాదు. అసలు కాదు. అమ్మా, విన్నారా, మా జానిస్ మీ ఆయన్ని ఓడించిందట."

"విన్నాను. ఇక పొయ్యండి. మెల్లిగా. పాట అయ్యేదాకా పొయ్యండి."

"వెళ్ళొస్తానే జానిస్. వీళ్ళు మంచివాళ్ళు. దుంపలు కూడా వేయిస్తారు."

"తొందరేం లేదు అన్నా. కూర్చోండి, ఇంకోసారి పెడతాను."

"లేదండీ, ఐదింటి బస్సు తప్పితే మళ్ళీ లేదు. డబ్బా ఇవ్వండి, ఖాళీదైనా తీసుకెళ్తాను. ఆదివారాలు అప్పుడప్పుడు రావచ్చా అమ్మా?"

"రాకపోతే ఊరుకోను. బంగాళాదుంపల బటర్ పై చేస్తాను. మెట్టు చూసుకుని దిగండి."

"వెళ్ళిపోయాడా?"

"వీధి మలుపు తిరిగాడు."

"పాపం, మంచి మనిషి. నువ్వు ఎలా ఒప్పుకున్నావో నాకు అర్థం కాలేదు లొరేన్. వంటిల్లు వంటిల్లని అంత గొడవ చేసి."

"ఒప్పుకున్నానుగా. వదిలెయ్."

"జానిస్ నిజంగానే బాగా ఆడేది తెలుసా. ఆ స్తంభం చుట్టూ ఎంత వేగంగా తిరిగేదంటే... నీకు చెప్పినా తెలీదులే. చూస్తే గానీ తెలీదు. ఒక్కసారైనా నువ్వు వచ్చుండాల్సింది పెలికన్‌కి."

"పెలికన్‌లో స్తంభం లేదు, హోవర్డ్."

"ఎవరన్నారు?"

"చెక్క నేలా లేదు. గాజు దీపాలూ లేవు. అదొక పాత బస్సు షెడ్డు, కింద ఉత్త గచ్చు. రెండేళ్ళు, ప్రతి శనివారం వెళ్ళాను నేను."

"నువ్వా? మరి ఇన్నేళ్ళూ..."

"మనం కలిసిన మొదటి రోజు ఆ స్తంభం గురించి నువ్వు చెబుతుంటే, నేను వెళ్ళినదానికంటే అదే బాగుందనిపించింది. ఊఁ, చెప్పు. స్తంభం చుట్టూ జానిస్ ఎలా తిరిగేది?"