ఏ సిమ్మైనా పట్టే ఫోను

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో రోజూ పక్కపక్కన కూర్చునే ఇద్దరు టీచర్లు మాట్లాడుకుంటున్నారు.

"నీ ఫోన్లో ఏ సిమ్మైనా పడుతుందా?"

"పడుతుందక్కా. తెనాల్లో లాక్ తీయించాను."

"నాది ఫోను అమ్మిన కంపెనీ సిమ్ము తప్ప దేన్నీ ఒప్పుకోదు. లాక్ తీస్తే ఫోను పాడైపోతుందంటారు మా ఆయన. నీకెవరు తీయించారు?"

"తెలిసినాయనక్కా."

"నీకైతే అన్నీ అమరతాయమ్మా. నా దాంట్లో చార్జింగ్ అయిపోయింది. నీ డబ్బులెందుకు, నా సిమ్ము వేసి ఇలా ఇవ్వు, మా ఆయనకి ఫోన్ చేయాలి."

"రేపల్లెలో దిగాక చేసుకోవచ్చుగా అక్కా."

"నీ ఫోనేం అరిగిపోదులే, తే... ఇదేంటి? నేను మా ఆయన నంబరు నొక్కితే పైన 'బంగారం' అని పడింది?"

"నీ సిమ్ములో అలా రాసుకున్నావేమో."

"నా సిమ్ములో ఒక్క పేరూ లేదు. నాకు నంబర్లన్నీ నోటికొచ్చు. ఆ పేరు నీ ఫోన్లోదే."

"అక్కా, కట్ చేసెయ్..."

"హలో, నేనేనండి. వేమూరు దాటాం. మీరు లాక్ తీయించిన ఫోన్లోంచే మాట్లాడుతున్నా. ఏం పాడవలేదండి, బాగానే పనిచేస్తోంది."