లవీనియా ట్రాట్ బూట్లకు అంటిన పాకం

నా పేరు ఆంబ్రోస్ పెట్టిఫర్. వయసు ఇరవై రెండు. పాత బూట్లకు కొత్త అడుగులు వేసి బతుకుతాను. లండన్ తూర్పున, రేవు దగ్గర, కూపర్ సందు మూడో నంబరు ఇంటి నేలమాళిగలో నా కొట్టు. 1887 నవంబరు 21, సోమవారం, పగలు పదకొండు గంటలకు మేజిస్ట్రేటు దొరవారి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను. నన్నెవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

ఈ నెల 11, శుక్రవారం ఉదయం అయిదున్నరకు మా సందు చివర లవీనియా ట్రాట్ గొంతు తెగి పడి ఉండగా పాలవాడు చూశాడు. ఆమె గోనెసంచులు కుట్టేది. పోలీసులు శవాన్ని చర్చి వెనక కొట్టంలోకి చేర్చి, ఏడు గంటలకు, మా పేటలో శవాలు కడిగే క్రౌచ్ అవ్వను పిలిపించి కడగమన్నారు. డాక్టరు తొమ్మిదిన్నరకు వచ్చాడు. కడిగాక వచ్చాడు. ఇది రాసుకోండి. కడిగాక.

మా పేటలో శవాన్ని కడిగినవాళ్ళకు శవం కాళ్ళ బూట్లు చెందుతాయి. వేరే కూలి లేదు. అయినా అవ్వ అడిగే తీసుకుంది. అక్కడున్న కానిస్టేబులు, "పట్టుకుపోవే ముసలీ, అవి వేసుకుని ఆవిడ ఇంకెక్కడికి నడుస్తుంది?" అన్నాడట.

శనివారం ఉదయం ఎనిమిదింటికి అవ్వ వాటిని నా దగ్గరికి తెచ్చింది. "ఒరే ఆంబ్రోసూ, లోకాన్ని రేపు బాగుచేద్దువుగాని, ముందు వీటికి అడుగులెయ్యరా. కాళ్ళు గడ్డకట్టిపోతున్నాయి" అంది. ఎవరివని అడిగాను. చెప్పింది.

నేను రోజూ చేసే పనే చేశాను. కత్తితో అడుగున మట్టి గీకాను. అది రాలలేదు, జిగురుగా సాగింది. అందులో నల్లటి నలుసులున్నాయి. అడుగు తోళ్ళు ఊడబీకి పొయ్యిలో వేశాను. మేకులు గుప్పెడు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టడం మా పనివాళ్ళ అలవాటు. ఆ వేళ్ళతోనే పెట్టుకున్నాను. నోరు తియ్యగా అయింది. తియ్యగా ఉందే అనుకున్నాను. అంతే. న్యాయం గురించి అచ్చయిన ప్రతి కరపత్రమూ కొని చదివిన వెధవను, అంతే అనుకున్నాను.

14వ తేదీ సోమవారం మరణ విచారణలో బూట్లేవని అడిగేసరికి పోలీసులకు అవి గుర్తొచ్చాయి. అవ్వ కాళ్ళకున్న వాటిని లాక్కుని, శవాన్ని దోచిందని ఆమెను లాకప్‌లో పెట్టారు. మూడు గంటలకు నన్ను స్టేషనుకు రప్పించారు. ఇన్‌స్పెక్టర్ గార్లండ్ బల్ల మీద లవీనియా శాలువా, టోపీ, లంగా, బూట్లు పరిచాడు. లంగా ఉతికి ఉంది. ఇస్త్రీ చేసి ఉంది. గొంతు తెగిన మనిషి లంగాకు ఎవరో మడతలు చూసి ఇస్త్రీ చేశారు.

బూట్లు తిరగేశాను. అడుగున నా కొత్త తోలు తప్ప ఏమీ లేదు. అప్పుడు నా నోటికి ఆ తీపి గుర్తొచ్చింది. అది చక్కెర పాకం. నల్ల నలుసులు పాకం వడగట్టే ఎముకల బొగ్గు. ఆ రెండూ కలిసి అంటుకునేది చక్కెర కార్ఖానాలో పాకం కాచే గది నేల మీదే. అక్కడి పనివాళ్ళ బూట్లు ఎన్నోసార్లు బాగుచేశాను. మా పేటలో ఉన్నది డ్రేకాట్ గారి కార్ఖానా ఒక్కటే. అందులోకి ఆడవాళ్ళను రానివ్వరు. రాత్రి ఎనిమిదికి తాళం వేస్తారు. తాళంచెవులు డ్రేకాట్ గారి దగ్గర ఒకటి, మేస్త్రీ దగ్గర ఒకటి.

ఇదంతా చెప్పాను. "తోళ్ళేవోయ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాలిపోయాయి."

"అయితే నీ నాలుక సీసాలో పెట్టి కోర్టుకు పంపమంటావా, కరపత్రాల పంతులూ?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. తరవాత గొంతు తగ్గించి, "పెద్దమనిషి పేరు ఎత్తకు. బూట్లు ముసల్ది తెచ్చిందని మాత్రం రాసి సంతకం పెట్టు. సాయంత్రానికి దాన్ని ఇంటికి పంపిస్తాను" అన్నాడు.

అవ్వ కటకటాల వెనక నుంచి వింటోంది. "పెట్టెయ్ నాయనా" అంది. "లవీనియా ఎలాగూ లేవదు. ఇక్కడ కూర్చోలేకుండా ఉన్నాను."

పెట్టాను.

సాయంత్రం పంపలేదు. 18వ తేదీ శుక్రవారం ఇదే కోర్టులో, ఆ రోజు మీ స్థానంలో కూర్చున్న వేరే దొరగారి ఎదుట, నా కాగితమే చదివారు. ఇంకో సాక్షి లేడు. శవం బూట్లు ఆమే తెచ్చిందని ఆంబ్రోస్ పెట్టిఫర్ ఒప్పుకున్నాడు కాబట్టి ఆరు వారాల కఠిన జైలు శిక్ష. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. బూట్లు పట్టుకుపొమ్మన్న ఆ కానిస్టేబులు కోర్టు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

కార్ఖానా పాకం గది నేలను ఆ శనివారం ఇసుక పోసి తోమించారని అక్కడి పనివాళ్ళు నాతో అన్నారు. నాలుగేళ్ళలో ఎన్నడూ తోమలేదట. శవాన్ని కడిగారు, లంగా ఉతికారు, నేల తోమారు. మిగిలింది నేను కాల్చాను. ఇంత శుభ్రమైన హత్య ఇంకోటి ఉండదు.

మొదటి కాగితంలో నిజం దాచినందుకు నా మీదే కేసు పెట్టవచ్చునని దొరవారు ఇప్పుడే హెచ్చరించారు. తెలుసన్నాను. నన్ను ఉంచుకుని అవ్వను వదలండి. తాళంచెవులున్న ఆ ఇద్దరినీ పిలిచి అడగండి.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. చదువు వచ్చు కాబట్టి నేనూ రెండుసార్లు చదువుకున్నాను. నేను అనని మాట ఇందులో లేదు. ఈసారి, నేను అన్న మాట ఒక్కటీ తీసెయ్యలేదు.

(సంతకం) ఆంబ్రోస్ పెట్టిఫర్