గురుబారి గోధుమ కల్లు

నువ్వేరా, ఆ పొయ్యి పక్కన కూర్చున్నోడివి, నిన్నే! పక్కవాడి చెవి మీద చుట్ట తీసుకుంటున్నావు, ఎవరూ చూడలేదనుకున్నావా? అడిగితే నోరరిగిపోద్దా? పెట్టెయ్. పెట్టి విను. దొన్ను అని ఒకడుండేవాడంట, అచ్చం నీలాంటివాడే, అడిగి తాగితే రుచుండదనుకునే రకం. వాడి వదిన గురుబారి. మొగుడు పోయాక ఒక్క కొడుకు లైకోనుని పెట్టుకుని, కొండవార ఇంత నేల దున్నుకుని బతికేది. ఆ లైకోనుకి పై ఊరి జమున మీద మనసైంది. జమునకీ ఇష్టమే. అయితే పిల్లనడగడానికి ఉత్త చేతుల్తో వెళ్తారా? కల్లు కుండ మోసుకెళ్ళాలి. పిల్ల తాత సోంబ్రు ఆకు మూత తీసి, సొరబుర్రతో ముంచి తాగి, రెండోసారి కూడా ముంచాడంటే పిల్లనిచ్చినట్టే. ఆకు మళ్ళీ కప్పేశాడంటే దండం పెట్టి వచ్చెయ్యాలి, ఇంక ఆ గుమ్మం తొక్కకూడదు. పైగా ఆ కల్లు నల్లగా ఉండాలి, చోళ్ళ కల్లన్నమాట, అదే రాగులతో పెట్టేది. తెల్ల కల్లు చావింట్లో పోసేది. పెళ్ళడగబోయి తెల్ల కల్లు దించితే కర్రలు తీస్తారు.

ఏమైందంటే, ఆ ఏడాది వానలకి చోళ్ళు కంకిమీదే కుళ్ళిపోయాయి. ఊరంతా అడిగినా దోసెడు దొరకలేదు. పోనీ ఆగుదామా అంటే, కింది ఊరివాళ్ళు కూడా జమున కోసం కుండ సిద్ధం చేస్తున్నారని కబురొచ్చింది. గురుబారి ఇంట్లో ఉన్నదల్లా సంతలో గుమ్మడికాయలిచ్చి తెచ్చుకున్న గోధుమల మూట. గోధుమలతో కల్లు ఆ కొండల్లో ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. "ఇదీ గింజే కదా, మొలకెత్తితే ఇది మాత్రం పులవదేటి?" అనుకుని నానబెట్టింది, ఆకుల్లో చుట్టి మొలకలెత్తించింది, రాతి మీద ఆరబెట్టింది. మరి నలుపో? సగం గింజల్ని పెంకు మీద వేసి నల్లగా వేయించిందంట. అన్నీ వేయిస్తే గింజ చచ్చిపోద్ది, చచ్చిన గింజ పొంగదు, అందుకని సగం అలాగే ఉంచింది. ఆ వాసన వీధంతా పోయింది. దొన్ను గుమ్మంలో తల పెట్టి, "వొదినా, ఇది కల్లా, కాఫీయా? పెళ్ళివారికి పాలు కూడా పట్టుకెళ్దామా?" అన్నాడు. "నీ సరసం నీ దగ్గరుంచుకో మరిదీ. ఈ కుండ జోలికొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను" అంది. గింజలు తిరగలిలో విసిరింది, జావ కాచింది, చల్లార్చి పులవడానికి అడవి వేళ్ళ మందు కలిపింది, కుండకెత్తి ఆకు కప్పి మట్టితో మెత్తింది.

తప్పెక్కడ చేసిందంటే నీళ్ళ దగ్గర. చోళ్ళకి పోసే నీళ్ళే పోసింది. గోధుమ చోళ్ళలాంటిది కాదే, నీళ్ళు పీల్చుకుని ఉబ్బే గింజ! కొన్నాళ్ళకి మట్టి కాస్త ఊడదీసి చూస్తే, గరిటె నిలబెడితే నిలబడిందంట. పొంగూ లేదు, చప్పుడూ లేదు. ఇంకో మూట తెద్దామంటే సంత లేదు. "నా కొడుకు నోట్లో మట్టి కొట్టేశాను" అని ఏడ్చి, మళ్ళీ మెత్తేసి, ఇంక ఆ వైపు చూడలేదు. వెళ్ళే రోజొచ్చింది. లైకోను మొహం చూసి నిజం చెప్పలేక కుండెత్తింది. ఎత్తితే లోపల బుడబుడమని కదిలింది! దారంతా కుండ బుడబుడలాడుతూనే ఉంది, దాంతోపాటు దొన్ను కడుపు కూడా. వాడు రెండడుగులేసి ఒకసారి పొదలోకి పరిగెడుతున్నాడంట, నవ్వకండి. "ఏటయింది బాబాయ్?" అని లైకోను అడిగితే "పెళ్ళి సంతోషంరా" అన్నాడు.

సోంబ్రు ఆకు తీశాడు. నల్లటి కల్లు, మీద ఇంత నురగ. వాసన చూసి, "చోళ్ళు కావే ఇవి. ఏటిది?" అన్నాడు. అబద్ధమాడొచ్చు, ఎవరికి తెలుసు? గురుబారి ఆడలేదు. "గోధుమలు మావా. చోళ్ళు కుళ్ళిపోయాయి, ఇవే ఉన్నాయి" అంది. ముసలాడు ముంచాడు, తాగాడు, కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ముంచాడు! ఆడవాళ్ళు కేకలు, డోలు మీద దెబ్బలు. "ఇంత కమ్మగా ఎలా కుదిరింది? నీళ్ళెంత పోశావేటి?" అని అడిగితే, "ఏమో మావా, ముద్దయిపోయిందనుకున్నాను. ఎలా జారయిందో నాకే తెలీదు" అంది. అక్కడితో ఊరుకుంటే దొన్ను బతికిపోయేవాడు. మెచ్చుకోలు ఇంకొకరికి పోతుంటే వాడికి కడుపుమంట. లేచి నిలబడి, "అదంతా నా చేతి చలవ! మట్టికి బెజ్జం పెట్టి వెదురు గొట్టం దింపి పీలిస్తే రాలేదు. వాగు నీళ్ళు పోశాను. మర్నాడు వచ్చింది. మళ్ళీ పోశాను, మళ్ళీ వచ్చింది!" అని గుండె తట్టుకున్నాడంట.

డోలు ఆగిపోయింది. సోంబ్రు మొహం రాయిలా అయిపోయింది. "అయితే మా గుమ్మంలోకి ఎంగిలి కుండ తెచ్చారన్నమాట" అని ఆకు చేతిలోకి తీసుకున్నాడు. లైకోను తల వేలేశాడు. గురుబారి మాత్రం ముందుకొచ్చి, "తప్పు మా ఇంటిదే మావా. కప్పేస్తానంటే కప్పెయ్. పిల్లాడు మంచోడు, అది మాత్రం మరిచిపోకు" అంది. అప్పుడు లోపల్నుంచి జమున గొంతు వినబడింది. "తాతా, రెండుసార్లు ముంచేశావు. కప్పాలంటే ముందు తాగింది కక్కెయ్యి!" ఇంకేముంది, ముసలాడికే నవ్వాగలేదు. ఆకు పక్కన పడేశాడు. "పిల్లనిచ్చాను. వీణ్ణి మాత్రం వదలను. పెళ్ళికి కావలసిన కల్లు పిండంతా వీడే విసరాలి, ఆడవాళ్ళ తిరగలి దగ్గర కూర్చుని" అన్నాడు.

ఆ కొండల్లో మగాడు తిరగలి ముట్టడం ఎప్పుడైనా విన్నారా? దొన్ను విసిరాడు. చుట్టూ ఆడపిల్లలు చేరి, గొట్టం మొగుడా, గోధుమ మొగుడా అని పాట కట్టి పాడుతుంటే విసిరాడు. పెళ్ళి నాడు ఊరు ఊరంతా తాగి ఆడింది. దొన్ను చేతులు బొబ్బలెక్కి సొరబుర్ర కూడా పట్టుకోలేకపోయాడంట. పట్టుకున్నా పోసేవాళ్ళెవరూ లేరనుకో.