వెంకటముని సభ పెడితే రాకెట్టు ఆగింది

పలమనేరు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద, పాలకేంద్రానికి ఎదురుగా మురుగేష్ టీ అంగడి. పొద్దున పూట ఆ అంగట్లో బెంచీ ఖాళీగా ఉండదు. పాలు పోసినవాళ్లు ఖాళీ క్యాన్లు కాళ్ల దగ్గర పెట్టుకుని, ఓ టీ తాగితే గానీ ఇంటిదారి పట్టరు. అందులో సగంమంది టీ కోసం వస్తే, సగంమంది వెంకటముని కోతల కోసం వస్తారు. ఆయన ఒకప్పుడు ఆ ఊరి సర్పంచి. పదవి పోయి చాలా ఏళ్లయింది గానీ, ఆయన నోరు మాత్రం ఇంకా పదవిలోనే ఉంది.

ఆ రోజు బెంచీ చివర రేవతి కూర్చుంది. ఆమె ఊరికి కొత్త సర్పంచి. ఇంకాసేపట్లో బడి ఆవరణలో ఆమె మొదటి గ్రామసభ. కాలనీకి కొత్త బోరు ఎప్పుడు వేస్తారని అందరూ నిలదీస్తారు. ఆమెకు తెలియదు. ఇంజనీరును అడిగితే పైనుంచి మంజూరు రావాలన్నాడే గానీ ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

"నువ్వు దండ ఏసుకోని గమ్మున కూసో, మైకు నేను పట్టుకుంటా," అన్నాడు రాత్రి మొగుడు మునికుమార్. ఆ మాట వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తెల్లారేసరికి అదే మాట ముల్లయి గుచ్చుకుంది. ఓట్లు పడింది తనకు. మొదటి రోజే మైకు మొగుడి చేతికిస్తే ఇక ఐదేళ్లూ ఆ కుర్చీ తనది కాదు. తానే పట్టుకుందామంటే నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని భయం. ఎటూ తేల్చుకోలేకే ఇక్కడికి వచ్చింది.

"మామా, సభలో యట్లుండాల? నీ మొదటి సభ నువ్వు యట్ల జరిపినావు?" అని అడిగింది.

పాపం, అడగకూడని మనిషిని అడగకూడని మాట అడిగింది. వెంకటముని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మురుగేష్ స్టవ్వు మంట తగ్గించాడు. ఇది ఇప్పట్లో తెమలదని ఆయనకు తెలుసు.

"సూడమ్మా రేవతీ, సభ అనేది సభ రోజు మొదలయ్యేది కాదు. ముందే మొదలైతాది. నేనేం చేసినానంటే, ముందుగా నాలుగిండ్లకి పోయి, ఏమప్పా, సభలో ఏం అడగాలనుకోనుండారు అని కనుక్కున్నాను. అంతే. సిన్న పనే."

"ఇంతవరకూ నమ్మేట్లే ఉండాది," అన్నాడు మురుగేష్.

"నాలుగిండ్ల కాడ నిలిస్తే నేను వెంకటముని యట్లయితా? ఊరంతా తిరిగినాను. ఊరైపోయినాక పక్కూరు, ఆమీట కుప్పం, ఆమీట మదనపల్లి, కాలికి సెప్పు లేదు, కడుపులో కూడు లేదు, ఎవురింట్లో ఏ కుళాయి కారతా ఉండాదో, ఏ వీధిలైటు ఎప్పుడు పోయిందో, ఏ ఆవు ఎవుర్ని తంతాదో, అంతా ఈ తలకాయలోకి ఎక్కించినాను. ఎక్కించి ఎక్కించి తల బరువై మెడ వాలిపోతే, పంచాయితీ సెక్రెటరీ ఎనక నిలబడి నా తలకాయ పట్టుకున్నాడు, తెల్సునా?"

"ఒక్కడే మోసినాడా అప్పా?" అన్నాడు మురుగేష్.

"అటెండరు గూడా ఒక సెయ్యేసినాడులే. ఇంక సభ రోజు సూడాల! జనమంటే జనం కాదు. షామియానా సాల్లే. ఇంకోటి కట్టినారు, అదీ సాల్లే. కట్టుకుంటా కట్టుకుంటా పోతే కర్ణాటక బార్డరు కాడ పోలీసోళ్లు ఆపినారు, ఈ గుడ్డకి పర్మిట్టు యాడ అని! బెంగుళూరు పోయే లారీలన్నీ ఈ రోడ్డు మీదనే నిలిచిపోయినాయి. డ్రైవర్లు దిగొచ్చి సభలో కూసున్నారు. లారీల్లో పచ్చి టమోటాలు ఆడికాడనే మాగి ఎర్రబడినాయి. ఆమీట ఏమైందో తెల్సునా?"

రేవతికి టమోటాల గొడవ పట్టలేదు. "నువ్వు కుర్చీలో కూసున్నావా మామా?"

"యట్ల కూసుంటా? జనమంతా నేల మీద ఉంటే! నిలబడే ఉన్నాను. అంతలో ఒకడు లేసి తిట్టినాడు సూడు, వాని నోట్లో లేని తిట్టు లేదు. నేను పల్లెత్తు మాటనలే. గమ్మున ఇన్నాను. నేను ఇనేది సూసి, అంతసేపు గుయ్యిమంటా ఉన్న మైకు సిగ్గుపడి అరిసేది మానేసింది. వాడు తిట్టి తిట్టి తిట్లన్నీ అయిపోతే పక్కోని కాడ బదులు తీసుకున్నాడు. అయ్యీ అయిపోయినాక నా మీద పడి ఏడ్సినాడు!"

బెంచీ అంతా గొల్లుమంది.

"మరి ప్రశ్నలు?" అంది రేవతి. ఆమె నవ్వలేదు.

"వెయ్యి! కాగితం సూడకుండా, గుక్కెడు నీళ్లు తాగకుండా, వెయ్యింటికీ జవాబు సెప్పినాను. 'తెలీదు' అనే మాట ఈ నోట్లో పుట్టనే లేదు. రేణిగుంటలో దిగాల్సిన ఇమానం నా గొంతు ఇని, దిగేది మానుకొని ఈడికొచ్చి నెత్తిన సుట్లు కొట్టింది. పైలెట్టు కిటికీలోంచి సెయ్యెత్తినాడు. వాళ్లూరి రోడ్డు గురించి అడిగినాడు పాపం, దానికీ సెప్పినాను. ఆ పొద్దే శ్రీహరికోటలో రాకెట్టు! పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కబెట్టుకుంటా వచ్చి మూడు కాడ నిలిపేసినారు. యాలంటే ఆడుండే సైంటిస్టులంతా ఫోన్లో నా సభే ఇంటా ఉండారు. 'వెంకటముని ముగిచ్చినాక వదలదాము' అన్నారు."

"అప్పుడు ఫోన్లో సభలు వచ్చే కాలమా అప్పా?"

"రాకెట్టు నిలిపినోనికి ఫోనొక లెక్కనా? నువ్వు టీ సూసుకో, పొంగతా ఉండాది. రాకెట్టుదాకా యాల, మనూరి ఆవులే సాచ్చికం! ఆ పొద్దు ఒక్కావు పాలు సేపలే, ఒక్క ఎనుము సేపలే. దూడల్ని వదిలినా పాలు బిగబట్టుకోని, సెవులు బడి దిక్కు తిప్పుకోని, సభ అయ్యేదాంకా అట్లే నిలిచినాయి!"

రేవతి ఫోను తీసింది. వెయ్యి జవాబులు ఎక్కడినుంచి తెచ్చేది? ఒక్క ప్రశ్నకే తన దగ్గర జవాబు లేదు. మైకు మునికుమారే పట్టుకోనీ అనుకుని నంబరు వెతుకుతోంది.

"ఏ ఆవూ బిగబట్టలేదురా అబ్బీ."

అన్నది నాగులమ్మ. కాలనీలో పెద్దామె. అంతసేపూ మూల కూర్చుని టీ ఊదుకుంటోంది. "అయ్యి సేపినాయి, మేము పిండినాము. సరిగ్గా పాలు పోసే ఏళకి సభ పెట్టినావు. పాలమ్మే ఊర్లో పుట్టినోనికి ఆ మాత్రం తెలీదా? మేమంతా క్యాన్లు ఎత్తుకోని ఈడ వరసలో ఉండాము. ఆడ షామియానా కింద నువ్వు, సెక్రెటరీ, మైకాయన, ఒక కుక్క."

మురుగేష్ నవ్వబోయి ఆగాడు. వెంకటముని భుజాన తువ్వాలు సర్దుకున్నాడు.

"కొంచేపు సూసి, దండ తీసి కుర్చీలో పెట్టి, ఎండన పడి ఈడికొచ్చినావు. వరస కడాన నిలబడి నా క్యాను నువ్వు ఎత్తుకున్నావు. కాలనీకి నీళ్లెప్పుడని అడిగినాను. నీ కాళ్లు అదరతా ఉండాయి, నేను సూసినాను. 'నాకు తెలీదక్కా, కనుక్కోనొచ్చి సెప్తా' అన్నావు. నిన్ను తిట్టినాను. మా అమ్మా నాయనా నేర్పిన తిట్లన్నీ తిట్టినాను. క్యాను కింద పెట్టకుండా అంతా ఇన్నావు."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది.

"మర్సనాడు పాలేళకి వచ్చినావు. ఇంకా తెలీలేదక్కా అన్నావు. ఆ వారం మళ్లీ వచ్చినావు, రాలేదక్కా అన్నావు. నీళ్లు వచ్చేదానికి శానా నాళ్లు పట్టింది. వస్తాయని సెప్పేదానికి ఓట్లప్పుడు అందురూ వస్తారు. రాలేదని సెప్పేదానికి మా వీధికి వచ్చినోడివి నువ్వొక్కడివేరా. ఆ మేలు మేము మర్సిపోలే. దానికోసరమే ఇన్నేండ్లూ నీ కోతలన్నీ ఓర్సుకోని ఇంటా ఉండాము."

వెంకటమునికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఊరుకుంటే ఆయన వెంకటముని ఎట్లా అవుతాడు?

"అదిరింది నా కాళ్లు కాదక్కా," అన్నాడు. "భూమి."

బెంచీ మీద నవ్వు మళ్లీ మొదలైంది. ఈసారి రేవతి కూడా నవ్వింది. రాకెట్టు ఆపడం ఆమెకు రాదు. తెలియదని చెప్పడం, మళ్లీ వెళ్లి చెప్పడం వచ్చు. ఇంత తేలికైన మాట విని ఎన్నాళ్లయిందో అనిపించింది. లేచి నాగులమ్మ చేతులు పట్టుకుంది. "నువ్వు సెప్పకపోతే నేను మునిగిపోయేదాన్ని అవ్వా," అంది. వెంకటముని వైపు తిరిగి, "నీ రుణం తీర్సుకోలేను మామా," అంది. ఆ మాట మనసారా అంది.

అంతలో ఫోను మోగింది. మునికుమార్.

"యాడుండావు? జనం వచ్చేసినారు. మైకు పెట్టినారు, నేను మాట్లాడేది మొదలు పెట్టేదా?"

"వద్దు. నేనొస్తా ఉండా, నేనే మాట్లాడతా," అంది రేవతి రోడ్డు దాటుతూ. "నువ్వు పోయి జనంలో కూసో. అడిగేది ఏమన్నా ఉంటే సెయ్యెత్తి అడుగు."