వీపు వెనక గంట

గిడ్డయ్య నోరు తెరిచాడంటే దాసన్న టీ అంగట్లో పాలు పొంగిపోయినా చూసే దిక్కుండదు. ఆ మధ్యాహ్నం జీవమ్మ పొయ్యికట్టెల మోపు దించి, పోకుండా ఎండలోనే నిలబడిపోయింది. ఊరి బయట అంటరానివాళ్ల పేట మనిషి కాబట్టి పందిరి కింద ఆమెకు చోటు లేదు. నాలుగేళ్ల కూతురు ప్రేమ అటు తిరిగి కూర్చుని గులకరాళ్లు పేర్చుకుంటోంది. ఆ పిల్ల ఇంతవరకు అమ్మా అని కూడా అనలేదు. గిడ్డయ్య చెబుతున్నది పిల్లల మాటల సంగతి. ఇక జీవమ్మకు కాలు ఎలా కదులుతుంది?

"యాభైరెండులో మద్రాసు కాలేజీ అయ్య వొచ్చినాడు. బిడ్డలకు మాట యాడనుంచి వొస్తాదో కనుక్కుంటే డాక్టరు పట్టమిస్తారంట. సూదిమందు డాక్టరు కాదప్పా, సదువు డాక్టరు. నా చేతికి ఇత్తడి గంట, ఒక బుక్కు ఇచ్చినాడు. 'గిడ్డయ్యా, ఇంటింటికీ పోయి చంటిబిడ్డ వీపెనక కొట్టు. తిరిగితే తిరిగిందని రాయి. తిరగని బిడ్డను నేనే మద్రాసు చెవుల ఆస్పత్రికి తీసకపోతా, ఆలిస్యమైతే మాట రాదు' అన్నాడు. నేను కొడితే తిరగని బిడ్డ ఉంటాదా? పోయినేడు ఆయప్ప పట్టం తీసుకోని పాయె, దాంట్లో సగం నాదే!"

"చిన్నప్పుడు నీకు వస ఎక్కువ పోసినారప్పా," అన్నాడు బండి తోలే ఉరుకుందప్ప.

"ఇను ముందు. ఒకూర్లో ఒకింట్లో కొడితే వీధి మొత్తం ఉయ్యాలలన్నీ ఒక్క పక్కకే ఊగినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెలలు నిండినామె గడపలో కూచోనుండాది. గంట ఇనపడంగానే కడుపులో బిడ్డ గిర్రున తిరిగింది, దాంతోపాటు ఆయమ్మ కట్టుకున్న చీర గూడా తిరిగింది!"

అందరూ పగలబడి నవ్వారు. గిడ్డయ్య నవ్వలేదు, గొంతు తగ్గించాడు.

"ఇది మాత్రం ఎవురికీ చెప్పలే. గండికోట దోవలో, కరువులో పోయిన పసిబిడ్డలను పాతిన దిబ్బ ఉండాది. ఆ పక్కన నడస్తాంటే సంచిలో గంట ఒక్కతూరి మోగింది. గాలి నిలిచిపాయె. దిబ్బలో మట్టి మెల్లగా కదలబట్టె, నిద్దర్లో బిడ్డ ఒత్తిగిలినట్ల. ఒకటి గాదప్పా, వరసగా నలభై. అన్నీ నా పక్కకే. నేను ముందుకు పోతే అవీ ముందుకే తిరుగుతాండాయి. బుక్కు తీసి రాస్తి, నలభై మందీ తిరిగినారని. అప్పుడు మట్టి కిందనుంచి అన్ని నోర్లూ ఒక్కసారే 'గిడ్డయ్యా' అన్నాయి. అమ్మను పిలిచే వయసు గూడా రాని నోర్లు!"

దాసన్న చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. జీవమ్మకు మాత్రం ఆ భయంలోనే పిచ్చి ఆశ కూడా పుట్టింది.

"అప్పా, ఆ గంట ఈడ ఒకసారి కొట్టు," అంది.

గిడ్డయ్య సంబరంగా సంచిలోంచి గంట తీసి ఖంగున కొట్టాడు. వీధిలో పోయేవాళ్లు తిరిగారు. బండి ఎద్దులు తలలెత్తాయి. ప్రేమ రాయి మీద రాయి పెడుతూనే ఉంది. గిడ్డయ్య దగ్గరికొచ్చి మళ్లీ కొట్టాడు. ఇంకా దగ్గరికొచ్చి, సరిగ్గా పిల్ల తల వెనక, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాడు. పిల్ల ఇంకో రాయి కోసం తాపీగా చెయ్యి చాపింది. చూసేవాళ్లకు ఆ దిబ్బ కథ కంటే ఇదే ఎక్కువ భయం పుట్టించింది.

"బుక్కులో నా బిడ్డ పేరు మీద ఏం రాసినావప్పా?"

"తిరిగిందని... నీకప్పుడే చెప్తి గదా."

"నేను కూలికి పోయినప్పుడు వొచ్చింటావనుకుంటి. మా ఇంటికి యాపొద్దు వొచ్చినావు?"

గిడ్డయ్య గంట నాలుకను వేళ్లతో పట్టుకున్నాడు. "పేట లోపలికి నేనెట్ల వొస్తా జీవమ్మా? పేట మొదట్లోనే నిలబడి గట్టిగా కొడితి. కోళ్లన్నీ తిరిగె. బిడ్డలు తిరగరా అనుకోని ఏడిండ్లకూ రాస్తి."

బుక్కులో తిరిగిందని రాశారు, వినపడుతుందిలే, రేపో మాపో పలుకుతుందిలే అని మూడేళ్లకు పైగా ఆ ఒక్క మాట పట్టుకుని ఎదురుచూసింది జీవమ్మ. కూతుర్ని ఎత్తి చంకనేసుకుంది.

"సచ్చిన బిడ్డలు నలభై మంది నీ పక్కకు తిరిగినారంటివే అప్పా. నా బిడ్డ బతికే ఉండాది. మా పేటలోకి నాలుగడుగులు ఏసింటే తెలిసేది."